మంచినీళ్ళ ఓటు

రోహిణి కార్తె, మొదట్లో

నల్లగవి నిద్రశాలలో పనిచేసేవాళ్ళు ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టాలని తాలూకా నుంచి చెప్పారు. రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. పడుకున్నవాళ్ళు పడుకునే ఉంటారు. మబ్బులు ఇప్పుడు ఊరికింత అని వంతుల ప్రకారం వస్తున్నా మేము కార్తెలే లెక్కపెట్టుకుంటాం. అందుకని ఇక్కడ కూడా కార్తెలే వేస్తున్నాను.

పొద్దున గవిలోకి, అంటే కొండ కింది గుహలోకి, దిగాను. బయట బండలు పగిలే ఎండ. మెట్లు దిగేకొద్దీ చలి పాదాల నుంచి పైకి ఎక్కుతుంది. లోపల రాతిపలకల మీద మనుషులు వరుసలుగా పడుకొని ఉంటారు. మంచుపొగ వాళ్ళ మీదుగా మోకాలెత్తున మెల్లగా పారుతూ ఉంటుంది. ఒక మనిషి ఊపిరి తీసి వదిలేలోపల నాకు ఒక వరుస తుడవడం అయిపోతుంది. పక్కలకు తిప్పాను. పెదవులు తడిపాను. గోళ్ళు చూశాను. నిద్రలో గోళ్ళు ఏడాదికి వడ్లగింజంత పెరుగుతాయి.

మూడో వరుస చివర మాదన్న. నా మొగుడు. బండల గనిలో పనిచేసి ఊపిరితిత్తుల నిండా దుమ్ము పట్టింది. కొత్త ఊపిరితిత్తులు మొలిపించే యంత్రం రాజధానిలోనే ఉంది. దానికి వరుస పెద్దది. వంతు వచ్చేదాకా జబ్బు ముదరకుండా నిద్రపుచ్చి ఉంచుతారు. పడుకోబెట్టినప్పుడు అతనికి ముప్ఫై ఆరు, నాకు ముప్ఫై మూడు. అది జరిగి తొమ్మిదేళ్ళు. అతనికి ఇప్పుడూ ముప్ఫై ఆరే. నాకు చత్వారం వచ్చింది. అతనికి గడ్డం గీసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటున్నాను.

మధ్యాహ్నం కునుకు తీస్తే గవిలో వాళ్ళ కలలు ఊర్లో వాళ్ళకు వస్తాయి. ఎందుకని డాక్టరమ్మ హసీనాను అడిగితే మంచుపొగ వల్ల కావచ్చు అంది. తెలియదని కూడా అంది. మాకు అలవాటైపోయింది. సాయంత్రం కుళాయి దగ్గర పక్కింటి సుంకులమ్మక్క నన్ను పట్టుకుంది.

"మే ఓబులమ్మా, మీ ఆయప్ప మళ్ళా నా కల్లోకొచ్చినాడే. సమ్మెట యాడ పెట్టినాడో ఎతుక్కుంటా ఇల్లంతా తిరుగుతాండాడు."

"దొరికిందా?"

"యాడ దొరికేది! నువ్వే దాచిపెట్టినావని నన్ను తిట్టిపోయినాడు."

"నా కలలోకి మటుకు రాడు. మీ ఇంటికైతే బాగా వస్తాడు."

"నీ కల్లోకొస్తే మళ్ళా పనికి పొమ్మంటావని బయమేమో!"

బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. సుంకులమ్మక్క తమ్ముడు పుల్లన్న కూడా అదే గనిలో పనిచేశాడు, మాదన్న పక్క పలక మీదే పడుకున్నాడు. అతని కలలు మాత్రం ఇంతవరకు ఎవరికీ రాలేదు.

ఎన్నికలయ్యాక మన తాలూకాకే ఊపిరితిత్తులు మొలిపించే మొలకశాల వస్తుందట. ఇప్పుడున్న గొడుగు పక్షం వాళ్ళు యంత్రం పంపమని రాజధానితో మాట్లాడి పెట్టుకున్నారు. అప్పుడు వరుస ఉండదు. ఉత్తర కార్తెకంతా మాదన్న పేరు వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. కొత్త సభ ఒప్పుకోవాలి, అంతే. గొడుగు పక్షం ఓడిపోవడం మా ఎరుకలో లేదు.

రోహిణి కార్తె, చివర్లో

కోడిపుంజు పక్షం కుళ్ళాయప్ప వచ్చాడు. నిద్రశాలలు మూసేసి అందరినీ లేపాలనేది వాళ్ళ పక్షం మాట. ఎప్పుడూ ఓడిపోయే మనిషి. ఇదివరకు తన ఊరి చుట్టుపక్కల మాత్రం తిరిగేవాడు. ఈసారి తాలూకా మొత్తం నడుస్తున్నాడట. తల మీద తడి తువ్వాలు, చేతిలో చేట. చేట మీద సున్నంతో కోడిపుంజు బొమ్మ. అది నీడకు కూడా పనికొస్తుంది.

"అమ్మా, దప్పికగా ఉండాది. రోన్ని నీళ్ళిస్తావా?"

చెంబు ఇచ్చాను. అరుగు మీద కూర్చొని మెల్లగా తాగాడు.

"ఇంట్లో ఎవురన్నా పండుకున్యారామ్మా?"

"మా ఆయన. దుమ్ము జబ్బు."

"లేపుకోవల్లని లేదా?"

"మొలకశాల వస్తే లేపుతారన్నా."

"వస్తే," అన్నాడు. చెంబు కడిగి బోర్లించి పక్కింటికి పోయాడు. ఓటు వెయ్యమని అడగను కూడా అడగలేదు. పక్కింట్లో సుంకులమ్మక్క గొంతు వినిపించింది.

"ఏమబ్బీ, ఈసారన్నా గెలుస్తావా, లేకుంటే కోన్ని కోసి కూరొండుకుంటావా?"

"నువ్వు మసాలా నూరి పెట్టక్కా, ఏదైనా పనికొస్తాది."

ఇంటికి వచ్చి నీళ్ళడిగి తాగిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదని మా వైపు పద్ధతి. గుప్పెడు చెనక్కాయలైనా ఇస్తాం. ఓట్లకు వచ్చినవాడైతే ఇంటికొక ఓటు ఇస్తాం. దాన్ని మంచినీళ్ళ ఓటు అంటారు. గెలిచేవాళ్ళు బండి దిగరు, నీళ్ళు తాగరు, చెయ్యి ఊపి పోతారు. కాబట్టి మంచినీళ్ళ ఓటు ఎప్పుడూ ఓడిపోయేవాడికే పోతుంది. వాడి పరువు నిలబడుతుంది, మన పద్ధతీ నిలబడుతుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. పెట్టింది చెప్పుకుంటే పెట్టినట్టు కాదు.

మృగశిర కార్తె

ఓట్లు అయిపోయాయి. నిద్రలో ఉన్నవాళ్ళకు ఓటు ఇవ్వడం ఇదే మొదలు. వాళ్ళు చచ్చిపోలేదు కదా అని కోర్టు చెప్పిందట. దగ్గరి మనిషి వెయ్యాలి. దానికి వేరే పెట్టె, నీలం రంగు వేసి పెట్టారు.

నా ఓటు గొడుగుకు వేశాను. మొలకశాల రావాలి. మాదన్న ఓటు చేతిలో మిగిలింది. నీలం పెట్టె ముందు నిలబడి కాసేపు చూశాను. గొడుగు ఎలాగూ గెలుస్తుంది. నీళ్ళు తాగి పోయిన మనిషి గుర్తుకొచ్చాడు. కోడిపుంజు మీద ముద్ర నొక్కి పెట్టెలో వేసి వచ్చేశాను.

వెనక సుంకులమ్మక్క ఉంది. ఆమె చేతిలోనూ రెండు ఉన్నాయి, ఆమెది, పుల్లన్నది. ఆమె నన్ను చూడలేదు, నేను ఆమెను చూడలేదు. ఈ తాలూకాలో పడుకున్న మనిషి లేని ఇల్లు తక్కువ.

ఇంటికి వచ్చి పడుకుంటే ఎవరిదో కల వచ్చింది. తెల్లటి పొలం. పొలంలో మనుషులు నిలబడి ఉన్నారు, ఎవరి కోసమో చూస్తున్నారు. వాళ్ళ మొహాలు కనపడలేదు.

ఆరుద్ర కార్తె

కోడిపుంజు గెలిచింది.

రచ్చబండ దగ్గర గోడకున్న మాటలపెట్టె ఆ సంగతి చెప్పింది. తప్పు చదివారేమోనని చాలాసేపు అక్కడే నిలబడ్డాం. మళ్ళీ చదివారు. కుళ్ళాయప్ప తాలూకా పెద్ద అయ్యాడు. గెలిచినవాడు పదకొండు మందిని తన మనుషుల్ని సభలో కూర్చోబెట్టుకుంటాడు. అతనితోబాటు ఇన్నేళ్ళు ఓడిపోయినవాళ్ళు వాళ్ళంతా.

తర్వాత చదివిన ముక్క ఇంకా కష్టంగా ఉంది. నీలం పెట్టెలు వేరేగా లెక్కపెట్టారట. పదింట తొమ్మిది కోడిపుంజుకే. 'నిద్రలో ఉన్నవారు తమను మేలుకొలపమని స్పష్టంగా కోరారు' అని చదివింది మాటలపెట్టెలో వార్తలు చెప్పే అమ్మాయి. గొంతులో సంతోషం కూడా ఉంది.

సుంకులమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"ఇంటికొకటంటే ఊరికంతా ఎన్నయితాయో ఒక్క మొగోనికీ తట్టలేదే!"

"ఆడోళ్ళకు తట్టిందా?" అన్నాడు వెనక నుంచి ఎవరో.

"మేం నీళ్ళిచ్చినోళ్ళం నాయనా. లెక్కలు మీరు జేస్తారని అనుకుంటిమి."

ఇంకెవరూ నవ్వలేదు. ఇళ్ళకు పోయాం.

పునర్వసు కార్తె

తాలూకా నుంచి ఉత్తరువు వచ్చింది. మొలకశాల యంత్రం వద్దని కొత్త సభ రాజధానికి చెప్పేసింది. మొలిపించుకోవాలంటే మనిషి పడుకోవాల్సిందే కాబట్టి అది వస్తే నిద్రశాలలు ఇంకో ఇరవై ఏళ్ళు ఉంటాయని వాళ్ళ వాదన. వర్షాలు తగ్గేలోపల గవులన్నీ మూసేస్తారు. అందరినీ లేపి, భుజానికి ఊపిరిసంచి తగిలించి ఇళ్ళకు పంపుతారు. వారానికొక నర్సు వస్తుంది.

హసీనా డాక్టరమ్మ ఈ ఊరికి రావడం మొదలుపెట్టి నాలుగేళ్ళు. ఆమె ఉత్తరువు చదివి మడిచి జేబులో పెట్టుకుంది.

"జ్వరాలవాళ్ళకు, ఎముకలవాళ్ళకు నష్టం లేదు. లేచి తిరుగుతారు. దుమ్ము జబ్బువాళ్ళకే కష్టం."

"మాదన్నను లేపితే ఎన్నాళ్ళుంటాడమ్మా?"

"చలి ముదిరేదాకా. ఆపైన నేను చెప్పలేను ఓబులమ్మా."

"నిద్రలో ఉంటేనే మంచిదంటావా?"

ఆమె మంచుపొగ చేత్తో పక్కకు తోసి మాదన్న మొహం చూసింది. "నిద్ర వైద్యం కాదు," అంది. "అది వరుస కోసం పెట్టింది. ఊపిరితిత్తులు గాజుకుండలో మొలుస్తాయి. అవి మొలవడానికి మనిషి పడుకొని ఉండాల్సిన పని లేదు."

ఆ మాట నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. చలి ముదిరేదాకా అన్నదే చెవిలో ఉంది.

పుష్యమి కార్తె

ఊరివాళ్ళం కూర్చొని మాట్లాడుకున్నాం. ఎవరో ఒకరు పోయి కుళ్ళాయప్పకు అసలు సంగతి చెప్పాలి. నిద్రలో ఉన్నవాళ్ళు కోరలేదు, మేం మర్యాదకు వేశాం అని. అందరూ ఒప్పుకున్నారు. పోవడానికి మాత్రం ఎవరూ లేవలేదు.

"ఏమని చెప్తావు?" అంది సుంకులమ్మక్క. "నువ్వు మా ఇంట్లో నీళ్ళు తాగితివి, అందుకని వేస్తిమి అంటావా? నీళ్ళిచ్చి లెక్కడిగే ఊరని నల్లగవికి పేరొస్తాది. మన ఆడపిల్లలు యా ఊరికి పోయినా ఇదే అంటారు."

"మరి మాదన్నను లేపి చంపుకోమంటావా అక్కా?"

ఆమె నేలమీద పుల్లతో గీతలు గీసింది. కాసేపటికి "నువ్వు పోతే నేను కాదనను. నాతో చెప్పి పోవద్దు," అంది.

మరుసటి రోజు తాలూకాకు పోయాను. పెద్ద అయ్యాక కూడా కుళ్ళాయప్ప అదే ఇంట్లో ఉన్నాడు. వాకిట్లో గోనెసంచి పరుచుకొని చెనక్కాయలు ఒలుస్తున్నాడు. చేట అక్కడే ఉంది, పొట్టు చెరగడానికి. కూర్చోమన్నాడు. నీళ్ళిచ్చాడు. నేను తాగలేదు.

"అన్నా, ఒక మాట చెప్తా. చెప్పకూడని మాట."

చెప్పాను. మాదన్న ఓటు నేను ఎందుకు అతనికి వేశానో, మా ఊర్లో అందరూ అట్లే వేశారని. అతను కాయలు ఒలవడం ఆపలేదు. చెప్పడం అయిపోయాక పొట్టు ఊదాడు.

"నాకు తెలుసమ్మా. నేనూ ఈ తాలూకాలో పుట్టినోన్నే గదా. నీళ్ళడిగితే ఓటు పడతాదని తెలిసే అడిగినా. ఓడిపోయినా గౌరంగా ఓడిపోదామని. ఇంతమంది ఇస్తారనుకోలేదు."

"తెలిసీ మరి సభలో చెప్పలేదా?"

"ఏమని చెప్పేది? నేను మోసం చేసి గెలవలేదు. మీరు మోసం చేసి గొడుగును ఓడియ్యలేదు." గింజలు నా వైపు తోశాడు. "ఓట్లు అట్ల పోనీ. నా మాట తప్పా చెప్పు. మా యమ్మ గవిలో పదకొండేండ్లు పండుకునింది. నేను ప్రతి నెలా పోయి చూసొస్తాంటి. గవి చల్లగుండాది, మా యమ్మ చల్లగుండాది, సభ ఇంకా చల్లగుండాది. ఎవురికీ తొందర లేదు. పండుకున్నోని కోసం ఎవురు పరిగెత్తుతారమ్మా? పదకొండేండ్లకు వంతొచ్చింది. ఆ ముందు నెలే పోయింది."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. కానీ ముందు చలికాలం ఉంది.

"నీ మాట నిజమే అన్నా. కానీ మాదన్న తన్ను లేపమనలేదు. వద్దనలేదు. అతన్ని ఎవురూ అడగలేదు. నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు."

ఇప్పుడు అతను ఒలవడం ఆపాడు.

"అడగాలంటే లేపల్ల గదమ్మా."

"లేపల్ల. లేపి అడుగు. పండుకుంటానన్నోన్ని మళ్ళా పండుకోనీ."

మా వాళ్ళు ఒప్పుకోరు అన్నాడు. ఒడిలో పొట్టు దులుపుకొని లేచాడు. ఆ తర్వాత లోపలికి కేకేసి చొక్కా తెమ్మన్నాడు. సభకు పోతున్నానని నాతో చెప్పలేదు, పోయాడు. నేను బయలుదేరే ముందు అతను ఇచ్చిన నీళ్ళు తాగాను.

ఆశ్లేష కార్తె

ఉత్తరువు మార్చారు. ప్రతి ఒక్కరినీ లేపి, వాళ్ళ నోటితోనే చెప్పించాలి. ఎవరు మేలుకోవడం వద్దంటే వాళ్ళ గవి వాళ్ళకుంటుంది. మొలకశాల సంగతి మాత్రం ఉత్తరువులో లేదు.

రోజుకు కొందరిని లేపుతున్నాం. జ్వరాలవాళ్ళు ముందు. ఒక్కొక్కరు లేచిపోయేకొద్దీ పలకలు ఖాళీ అవుతున్నాయి. వాళ్ళు పడుకున్న చోట రాయి మీద మనిషి ఆకారంలో తడి ఉంటుంది. అది ఆరడానికి కొన్నాళ్ళు పడుతుంది. వాటి పక్కగా నడవాల్సి వస్తే పక్కకు జరిగి నడుస్తున్నాను.

మధ్యాహ్నాలు కలలు తగ్గిపోయాయి. పడుకుంటే ఉత్త నిద్ర వస్తుంది. కుళాయి దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేక ఆడవాళ్ళు తొందరగా ఇంటికి పోతున్నారు.

మఖ కార్తె

ఈ రోజు మాదన్నను లేపారు.

డాక్టరమ్మ మందు గొట్టం తీసేసింది. మంచుపొగ మెల్లగా పక్కకు పోయింది. మొదట ఊపిరి మారింది. నేను ఒక వరుస తుడిచేంత పొడుగు ఊపిరి కాస్తా మామూలు మనుషులది లాగా పొట్టిగా అయింది. చెంపలకు రంగు వచ్చింది. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు.

"ఏం అత్తా, నువ్వెప్పుడొస్తివి?"

మా అమ్మ అనుకున్నాడు.

"అత్త గాదు. నేను."

మళ్ళీ చూశాడు. చెయ్యి పైకెత్తబోయి ఎత్తలేకపోయాడు. నేనే అతని చేతిని నా చెంప మీద పెట్టుకున్నాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి. బండలు కొట్టిన కాయలు అట్లే ఉన్నాయి.

"పెద్దదానివైతివే," అన్నాడు. "నాకంటే."

"కళ్ళద్దాలు పెట్టుకుంటే ఇంకా పెద్దగుంటా."

"పొద్దెంతయింది?"

"శానా అయ్యింది."

డాక్టరమ్మ అన్నీ చెప్పింది. అతను ఊపిరిసంచి మూతికి పెట్టుకొని విన్నాడు. లేచి ఉంటే ఎన్నాళ్ళు, పడుకుంటే ఏమిటి.

"పండుకుంటే కొత్తవి మొలిపిస్తారా?"

"మొలకశాల వస్తే."

"వస్తాదా?"

"ఇప్పటికైతే లేదు," అంది ఆమె.

అతను నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావు మే?"

నాకు రెండూ కావాలి. అతను లేచి ఇంటికి రావాలి, చలికాలం దాటి ఉండాలి. ఆ రెండూ ఒకచోట దొరకవు. ఏదో ఒకటి చెప్తే అతను అదే చేస్తాడని తెలుసు. తొమ్మిదేళ్ళ కింద పడుకోమని చెప్పింది నేనే, వెంటనే పడుకున్నాడు.

"పోయినసారి నీది నేనేస్తి. ఈసారి నీది నువ్వే వెయ్యి."

అర్థం కాలేదు. ఓట్ల సంగతి చెప్పాను. నీలం పెట్టె, కోడిపుంజు, చెంబు నీళ్ళు, అన్నీ. వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది. దగ్గుతూనే నవ్వాడు. డాక్టరమ్మ వీపు నిమిరింది.

"కట్టుకున్నోని ఓటు కోడిపుంజుకేస్తివా! ఇంగ నయం, నన్నే కోసి కూరొండలే."

అలసిపోయి పైకి చూస్తూ పడుకున్నాడు. గవి కప్పు చాలాసేపు చూశాడు. నేను అతని మొహం చూడకుండా పక్క వరుసలో ఖాళీ పలక తుడిచాను. అది పొడిగానే ఉంది.

"ఈ కప్పు ఎవురు చెక్కినారో గానీ వంకరగా చెక్కినారు," అన్నాడు. "తొమ్మిదేండ్లు దీన్ని చూస్తా పండుకుంటినా?"

"కళ్ళు మూసుకొని ఉంటివి."

"పండుకొని పండుకొని నడుము నొస్తాంది. లేస్తా."

డాక్టరమ్మ మాటలు పట్టి ఉంచే తాలూకా వాళ్ళ పరికరం అతని నోటి దగ్గర పెట్టింది. ఆ మాటే మళ్ళీ చెప్పాడు. మెట్లన్నీ ఎక్కడానికి పూట పట్టింది. నాలుగు మెట్లకొకసారి కూర్చున్నాడు. పైన వెలుతురు తగిలినప్పుడు కళ్ళు మూసుకొని ఆగాడు. నేను పట్టుకోలేదు, పట్టుకోవద్దన్నాడు.

పుబ్బ కార్తె

సుంకులమ్మక్క తమ్ముడు పుల్లన్న పడుకుంటానన్నాడు. లేచి అక్కను చూశాడు, ఇల్లెట్లుందని అడిగాడు, డాక్టరమ్మ చెప్పింది విన్నాడు, మళ్ళీ పడుకున్నాడు. ఆమె అతని తలకు నూనె రాసి దువ్వి వచ్చింది. "వానికి మొదటి నుంచీ నిద్ర ఎక్కువ," అంది నాతో. మూడో వరుసలో ఇప్పుడు అతనొక్కడే.

ఊరు మారిపోయింది. ఇదివరకు ఊరంతా కునికేది. ఇప్పుడు ఏ వీధిలో నడిచినా దగ్గు వినిపిస్తుంది. ఊపిరిసంచులు బుస్సుమంటుంటాయి. దుమ్ము జబ్బువాళ్ళు మా అరుగు మీద చేరతారు. మాదన్న వాళ్ళతో గని సంగతులు మాట్లాడతాడు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగితే ఇంకొకరు అందుకుంటారు. అట్లా నలుగురు కలిసి ఒక మాట పూర్తి చేస్తారు.

నాతో కొట్లాడుతున్నాడు కూడా. తన గుడ్డలపెట్టె ఎందుకు జరిపానని, కూరలో కారం ఎందుకు తగ్గిందని. నాకు తొమ్మిదేళ్ళ నుంచి కొట్లాట అలవాటు లేదు. రెండు రోజులు ఓడిపోయాను. తర్వాత గుర్తుకొచ్చింది.

డాక్టరమ్మ చూసిపోయింది. బాగా దగ్గుతున్నాడు అంది. పునర్వసులో ఆమె అన్న మాట అప్పుడు గుర్తుకొచ్చి అడిగాను, పడుకోకుండా ఊపిరితిత్తులు మొలిపించవచ్చా అని. మొలిపించవచ్చు అంది. యంత్రం ఉంటే చాలు అంది. అరుగు మీద ఉన్నవాళ్ళంతా మాటలాపి విన్నారు.

ఉత్తర కార్తె

రెండు బండ్లు కట్టించుకొని తాలూకాకు వచ్చాం. అయిదారు ఊర్ల నుంచి దుమ్ము జబ్బువాళ్ళు వచ్చారు. సభ మెట్ల మీద కూర్చున్నాం. ఎవరూ కేకలు వెయ్యలేదు, వెయ్యడానికి ఊపిరి లేదు. దగ్గారు. మెట్ల మీద మొదలైన దగ్గు సభ గోడలకు తగిలి లోపలికి పోయింది. లోపల పదకొండు మంది మాట్లాడుతున్నది ఆగిపోయింది.

కుళ్ళాయప్ప బయటికి వచ్చాడు. నన్ను చూశాడు, తర్వాత నా పక్కన ఉన్న మాదన్నను చూశాడు. ఎవరో అర్థమైంది.

"ఎండలో ఎందుకన్నా? లోపలికి రాండి, నీడన కూర్చుందాం."

"నీడలో శానా ఏండ్లుంటిమి," అన్నాడు మాదన్న.

"మీకేం గావల్ల?"

"మొలకశాల."

"అది గొడుగు పక్షం మాట. దాన్ని వద్దనే మేం గెలిచినాం. మా వాళ్ళు ఒప్పుకోరన్నా."

మాదన్న సంచి మూతికి పెట్టుకొని రెండు ఊపిర్లు తీసుకున్నాడు. కుళ్ళాయప్ప ఆగాడు.

"మేలుకోమంటివి. మేలుకుంటిమి. ఇప్పుడేం జెయ్యమంటావో చెప్పు."

లోపలి నుంచి ఎవరో కుళ్ళాయప్పను పేరు పెట్టి పిలిచారు. అతను పోలేదు. వచ్చి మాదన్న పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. నేను డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. గవి అక్కర్లేదు, వరుస అక్కర్లేదు, మనుషులు లేచి తిరుగుతుండగానే మొలిపించవచ్చని. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"నిద్ర లేకుండా?"

"నిద్ర లేకుండా."

"ఈ మాట గొడుగు వాళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"వాళ్ళనెవురు అడిగినారు?" అన్నాడు మాదన్న. "మేం పండుకొనుంటిమి గదా."

కుళ్ళాయప్ప లోపలికి పోయాడు. తలుపు వేసుకున్నారు. చాలాసేపు అరుపులు వినిపించాయి. అతని గొంతు ఒకటి, పదకొండు గొంతులు ఒకటి. మధ్యాహ్నం దాటింది. ఎవరిదో వంతు మబ్బు మా మీదుగా పోయింది, నీడ పడి పోయింది, చినుకు రాలలేదు. అరుపులు తగ్గాయి. మళ్ళీ పెరిగాయి.

అతను బయటికి వచ్చేసరికి చొక్కా గుండీ ఒకటి తెగి ఉంది.

"స్వాతి కార్తెలో యంత్రం వస్తాది," అన్నాడు. "ఆరుమంది ఒప్పుకున్యారు. అయిదుమంది నాతో మాట్లాడరంట."

మెట్ల మీద ఎవరూ సంతోషపడినట్టు లేదు. స్వాతి అంటే ఇంకా హస్త ఉంది, చిత్త ఉంది. కొందరు వేళ్ళు ముడిచి లెక్క వేసుకున్నారు. నేను లెక్కవెయ్యలేదు. స్వాతి నాటికి రాత్రులు చల్లబడతాయని నాకు తెలుసు.

"యంత్రమొచ్చేదాకా ఈడే ఉంటాం," అన్నాడు మాదన్న. "పోతే మీరు మళ్ళా మర్చిపోతారు."

"ఉండు అన్నా," అన్నాడు కుళ్ళాయప్ప. "నేనూ ఉంటా. మర్చిపోయేది నేను గాదు, లోపలున్నోళ్ళు."

బండ్లలో నుంచి చాపలు దించాం. అన్నం మూటలు విప్పాం. తిన్నాక నాకు కళ్ళు మూతలు పడ్డాయి. మూడు రోజుల నుంచి సరిగా నిద్ర లేదు. మాదన్న గమనించాడు.

"పండుకో కాసేపు."

"నువ్వు?"

"నేను మేలుకుని ఉంటా. నాకింగ నిద్రొద్దు."

చాప మీద ఒరిగాను. రాయి ఎండకు వేడిగా ఉంది. అతను నా తల దగ్గర కూర్చొని దగ్గుతున్నాడు. ఆ దగ్గు వింటూ నిద్రపోయాను.